మూడో మలుపు దగ్గర మనిషి

మా మామ పెరుమాళ్సామి చెప్పింది ఒక్క మాటే. పురట్టాసి నెల మూడో ఆదివారం పొద్దున పది బండ్లు, వాటి వెనక పది మంది మనుషులు గీత దగ్గర నిలబడితే పొలం మాకు ఉంటుంది. తొమ్మిది మందే నిలబడితే ట్రాక్టరు దిగుతుంది.

"ఒగరే రెండు పట్టుకునేది కూడదు" అని కూడా అన్నాడు. నా సంగతి తెలిసిన మనిషి.

ఆ మాట అన్న రోజుకి గడువు నాలుగు వారాలు, మేము నలుగురం.

నా పేరు జోతి. అరవదేశంలో తెలుగు మాట్లాడే ఇంటి మనిషిని. కోవిల్‌పట్టిలో ఎట్టయపురం రోడ్డు మీద మోటార్లకు కాయిల్ చుట్టే అంగడి నాది. మా నాయన నేర్పిన పని. బావి మోటార్లు, గ్రైండర్ మోటార్లు, విరుదునగర్ వైపు పవర్‌లూమ్ మోటార్లు, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. వయసు నలభై ఆరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్ళకు నా దగ్గర ఒక జవాబుంది, అది కాగితం మీద రాసేది కాదు.

పన్నెండేళ్ళ కిందట ఎవరో కాలిపోయిన చిన్న మోటారు ఒకటి అంగడికి తెచ్చారు. రిమోట్ కారుది. బాగుచేసి, సరిగ్గా తిరుగుతుందో లేదో చూద్దామని వీధిలో వదిలాను. మూరెడు బండి, అరవై కిలోమీటర్ల వేగం. అది మలుపు తిరిగి కనపడకుండా పోయింది, నా బుద్ధి కూడా దాని వెనకాలే పోయింది. దాన్ని బొమ్మకారు అన్నవాళ్ళతో నేను మాట్లాడను.

నాగలాపురం పోయే దారిలో మామకు నాలుగెకరాల నల్లరేగడి ఉంది. అందులో ఒక ఎకరం ఏళ్ళుగా తరిసుగా, దున్నకుండా పడి ఉంటే, అడిగి తీసుకుని ట్రాక్ వేశాం. ఏడు మలుపులు, ఎగరడానికి రెండు మిట్టలు, బండ్లు నడిపేవాళ్ళు ఎక్కి నిలబడడానికి పొలం కాపలాకు వేసినట్టు ఒక మంచె. ఆ మంచె మీద నేను ఎవరి అక్కనూ కాదు, ఎవరి కూతురినీ కాదు, ఆడమనిషై ఉండి మోటార్లు చుట్టే వింతనూ కాదు. నా బండి ముందు పోతుంది, మిగతావి వెనక వస్తాయి. వారానికి ఒక పూట అలా బతకడానికి మిగతా ఆరు రోజులూ నేను ఓర్చుకుంటున్నానంటే అబద్ధం కాదు. చుట్టుపక్కల ఎక్కడా ఇంకో ట్రాక్ లేదు. ఒకసారి దున్ని, వాన పడి ఉబ్బితే ఆ నేలలో మలుపూ ఉండదు, మిట్టా ఉండదు. మళ్ళీ అంత మట్టి తొక్కే వయసు నాకు లేదు.

ఒకప్పుడు పద్నాలుగు మందిమి. ఇప్పుడు నాతో కలిపి నలుగురం. నలుగురి కోసం ఎకరం వదిలేది లేదు, వానకు ముందు దున్ని విత్తుతానని మామ పట్టుబట్టింది అందుకే. విరుదునగర్‌లో నూనె మిల్లులో పనిచేసే సతీష్‌కుమార్, స్కూలు వ్యాను నడిపే బాలచందర్, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని మానుకున్న మునుసామి అన్న. పోయినవాళ్ళు వదిలేసిన బండ్లు ఆరు నా అంగడి అటక మీద ఉన్నాయి. అన్నిటికీ మోటార్లు కొత్తగా చుట్టి, బ్యాటరీలు మార్చి సిద్ధం చేశాను. బండ్లకేం కరువు లేదు, మనుషులే కరువు.

మొదటి వారం కోవిల్‌పట్టిలో ఒక స్కూలు మైదానం అడిగి తీసుకున్నాం. బాలచందర్ తన వ్యానులో వచ్చే పిల్లల తల్లిదండ్రులకు చెప్పి పద్దెనిమిది మందిని పోగుచేశాడు. ఒక్కొక్కరికీ రెండేసి నిమిషాలు రిమోట్ ఇచ్చాం. ఎలా నడపాలో చూపించాలి కదా, రెండో నిమిషంలో నేనే రిమోట్ తీసుకునేదాన్ని. తప్పు చేస్తుంటే చేతులు కట్టుకుని చూడడం నావల్ల కాదు. ఆదివారం ట్రాక్ దగ్గరికి వస్తామని పద్దెనిమిది మందీ అన్నారు. ఒక్కరూ రాలేదు.

రెండో వారం విరుదునగర్ బస్టాండు పక్కన ఖాళీ స్థలంలో బండ్లు తిప్పాం. మనుషులు ఆగుతారని నేను రెండు కిలోల కడలైమిట్టాయి, అదే పల్లీపట్టీ, పట్టుకుపోయాను. ఆగారు, తిన్నారు, మిఠాయి బాగుందని చెప్పి బస్సెక్కారు. వాచ్‌మన్ వచ్చి మమ్మల్ని కూడా పొమ్మన్నాడు. తిరిగి వచ్చే బస్సులో నేను అందరినీ తిట్టాను. ఎండని తిట్టాను, సెల్‌ఫోన్లని తిట్టాను, ఈ కాలం మనుషుల ఓపికని తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మాత్రం నాకు గుర్తు రాలేదు. సతీష్‌కుమార్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంకో పదిహేను రోజులే ఉన్నాయనగా ఒట్టపిడారం దగ్గర ఒక ఊళ్ళో కోడై, అంటే ఊరి దేవత పండుగ వచ్చింది. అక్కడ ఎడ్ల బండ్ల పందెం ఉందని విన్నాను. పందెం పిచ్చి ఉన్న మనుషులు అక్కడ కాక ఇంకెక్కడ దొరుకుతారు. నా బండి సంచిలో వేసుకుని పోయాను. పెద్ద ఎడ్ల పందెం అయింది, చిన్న ఎడ్ల పందెం అయింది, జనం రోడ్డుకి రెండు వైపులా ఇంకా నిలబడే ఉన్నారు. అప్పుడు నా బండిని రోడ్డు మీద వదిలాను. అది రాయి తగిలి పొర్లింది. తెలుగులో ఒక తిట్టు తిట్టాను.

పక్కన గొడుగు కింద నిలబడిన ఒక పెద్దావిడ నవ్వింది. "తెలుగోళ్ళా మీరు?" అంది. అంతవరకు అందరితో అరవంలో మాట్లాడుతున్న మనిషి. పేరు అళగమ్మాళ్, ఊరు నాగలాపురం, అరవై దాటిన వయసు. ఆ రోజు చిన్న ఎడ్ల పందెంలో రెండోదిగా వచ్చిన జత ఆవిడదే.

"ఇది ఏం తింటాది?" అని నా బండిని చూసి అడిగింది.

"కరెంటు, అత్తా."

"పత్తిగింజ వద్దు, తవుడు వద్దు. మేలే." చక్రం ఒకటి వేలితో తిప్పి చూసి మళ్ళీ అంది. "నలభై ఏండ్లుగా నేనే మేత వేస్తాండా. కాళ్ళకి నూనె రాస్తాండా. పగ్గం పట్టేది మాత్రం మొగోళ్ళు. పందెం నాడు ఓరంగా నిలబడి దుమ్ము చూసేది నా పని. ఇది ఆడది పట్టుకుంటే ఎవురన్నా ఏమన్నా అంటారా?"

"నేను పట్టుకుంటాండా కదా."

"నిన్నెవురూ అనరు. నీ మొగం చూస్తేనే తెలుస్తాది."

ఇంకొకరు అని ఉంటే అక్కడే గొడవ అయ్యేది. ఆ రోజు నాకు నవ్వొచ్చింది. వచ్చే ఆదివారం ఆవిడ కొడుకు సరవణకుమార్‌నీ, వాడి బావమరుదులూ స్నేహితులూ నలుగురినీ వెంటబెట్టుకుని వస్తానని మాట ఇచ్చింది. నలుగురు, ఆరుగురు, పది. బస్సులో ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నానో.

ఆదివారం ఆరుగురూ మినీడోర్ ఆటోలో వచ్చారు. గడువుకి ఇంకో వారం. అటక మీది ఆరు బండ్లూ దించి, తలా ఒకటి ఇచ్చి మా పద్ధతి చెప్పాను. సగం మంది మంచె ఎక్కి నడుపుతారు. మిగతా సగం మంది మలుపుల దగ్గర నిలబడతారు. ఏ బండి పొర్లినా, నడిపే మనిషి మంచె దిగకూడదు. మలుపు దగ్గరి మనిషి పరుగున పోయి దాన్ని తిప్పి నిలబెట్టి తప్పుకోవాలి.

సరవణకుమార్ మొహం ముడుచుకున్నాడు. "ఒగరి బండిని ఇంగొగరు ముట్టేదా? మా పందెంలో అట్ల కూడదు అక్కా. పడితే పడినోడే లేపుకోవాల."

"ఇక్కడ అట్లగాదు. పరిగెత్తు, తిప్పు, తప్పుకో. అంతే."

ఒప్పుకున్నట్టు తల ఊపారు గానీ వాళ్ళకది రుచించలేదని తెలుస్తూనే ఉంది. అళగమ్మాళ్ తన బండి మూత మీద కుంకుమ బొట్టు పెట్టింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. రసం మోటారులోకి పోతుందని నేను గొణిగాను. ఆవిడ వినలేదు. చీర చెంగు బొడ్లో దోపుకుని మంచె ఎక్కి, రిమోట్‌ని కళ్ళకద్దుకుని చేత్తో పట్టుకుంది.

ఆ మొదటిసారికి కొత్తవాళ్ళు ఆరుగురినీ మంచె ఎక్కించి మేము నలుగురం కింద ఉన్నాం, నేను మూడో మలుపు దగ్గర నిలబడ్డాను. అది మా ట్రాక్‌లో కష్టమైన మలుపు. మిట్ట దిగిన వెంటనే వస్తుంది, ముందే బ్రేకు వేయకపోతే పొర్లడం ఖాయం. అళగమ్మాళ్ మొదటి చుట్టు మెల్లగా తిరిగింది. రెండో చుట్టులో వేగం పెంచింది, మంచె మీది నుంచి ఆవిడ నవ్వు నాదాకా వినపడింది. మూడో చుట్టులో బండి మిట్ట మీది నుంచి ఎగిరి వచ్చి నా ముందు తలకిందులైంది.

"బ్రేకు, బ్రేకు అంటే వినపడదా?" అని అరుస్తూ నేను కాలు చాపి, చెప్పు కొన బండి కిందికి దూర్చి ఒక్క తన్నుతో దాన్ని తిప్పాను. మేమందరం అలాగే చేస్తాం. వంగితే రెండు సెకన్లు పోతాయి.

బండి నిలబడింది గానీ కదలలేదు. తలెత్తి చూశాను. మంచె మీద ఆరుగురూ నా కాలినే చూస్తున్నారు. నా చెప్పుకి కుంకుమ అంటుకుని ఉంది.

అళగమ్మాళ్ రిమోట్‌ని పలక మీద పెట్టి దిగి వచ్చింది. వంగి బండిని రెండు చేతులా ఎత్తి, చెంగుతో తుడిచింది.

"మొగోడు తన్నింటే కొట్లాట అయ్యింటాది" అంది. "నలభై ఏండ్లకి ఒగనాడు పగ్గం పడితిని. నువ్వు తన్నితివే."

బండిని గట్టు మీద పెట్టి ఆటో ఎక్కింది. మిగతా ఐదుగురూ రిమోట్లు పలక మీద పెట్టి ఆవిడ వెనకే ఎక్కారు.

"కాలితో తిప్పేది మామూలే అని చెప్పాల్సింది" అని నేను సతీష్‌కుమార్ మీద విరుచుకుపడ్డాను. వాడు నేను అరిచిందంతా విని, అప్పుడు అన్నాడు.

"అక్కా, ఒగటి చెబుతా. కోవం వద్దు. పది మంది పోయిరి. ఊరు విడిచి పోయిరి అంటావు. సుడలైమాడన్ యాడికి పోయె? నీ అంగడి పక్క వీధిలోదా ఉండాడు. నువ్వు ఆయన చేతిలోనించి రిమోటు పెరికితివి. అందరి చేతిలోనించీ పెరికితివి."

"అట్లయితే మీరు ముగ్గురు ఏంటికి ఉండారు?"

"మునుసామన్నకి చెవుడు. బాలచందర్‌కి సొరణ లేదు, ఏమన్నా తగలదు. నాకు బండి పిచ్చి."

నేను కోపంతో మంచె ఎక్కి కూర్చున్నాను. వాళ్ళు వెళ్ళిపోయారు. కోపం ఒక గంటసేపు నిలిచింది. అది పోయాక మిగిలింది భయం. ఆ పది మందినీ నేనే తోలేశాను, ఇప్పుడు ఆరుగురిని తోలేశాను, పొలం పోయేది వాన వల్ల కాదు, మామ వల్ల కాదు, నా నోటి వల్ల. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ నన్ను చూసే అనేది. మంచె మీద ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా ఏడ్చాను. చూడడానికి ఎవరూ లేరు కాబట్టి సిగ్గు కూడా పడలేదు.

మంగళవారం నాగలాపురం పోయాను. అళగమ్మాళ్ కొట్టంలో ఎద్దు కాళ్ళకు నూనె రాస్తోంది. నన్ను చూసింది, రెండో కాలు పూర్తి చేసింది, మూడో కాలు పట్టుకుంది. నాలుగు కాళ్ళూ అయ్యేదాకా నిలబడ్డాను.

"నా తప్పు అత్తా. మన్నించండి."

"మన్నించేదానికి నేనెవురు. బండి కట్టినోళ్ళకి ఒగ కట్టుబాటు ఉండాది." నూనె చేతులు గోనె సంచికి తుడుచుకుంది. "మా బావ ఒగనాడు పందెంలో ఇంగొగరి కాడి మీద కాలు పెట్టె. కోవంలోదా, కావాలని కాదు. ఊరు ఏం చెప్పెనో తెలుసునా? ఒగ ఏడాది నువ్వు పగ్గం ముట్టకూడదు. ప్రతి పందెంలోనూ మలుపు కాడ నిలబడి, ఎవరి బండి పడినా చేత్తో లేపాల. నోరు తెరవకూడదు. ఆయన నిలబడె. నువ్వు నిలబడితే మేము ఆరుగురమూ వస్తాము."

"ఒగ ఏడాదా?"

"ఈ పురట్టాసినించి వచ్చే పురట్టాసి దాకా."

నేను లెక్క చెప్పాను. నేను రిమోట్ పట్టకపోతే తొమ్మిది మందే అవుతారు, మామ పొలం దున్నేస్తాడు, ఈ ఒక్క ఆదివారం నన్ను పట్టనిస్తే వచ్చే వారం నుంచి ఏడాదంతా నిలబడతాను అని చేతులు పట్టుకుని బతిమాలాను. జీవితంలో ఎవరినీ అలా బతిమాలలేదు.

"తప్పు చేసినోళ్ళే శిక్ష నాడు మార్చుకుంటారా?" అంది. "పదో మనిషిని తెచ్చుకునేది నీ కత."

వాళ్ళు రాకపోతే నలుగురం. వస్తే తొమ్మిది మంది. ఎటు చూసినా దున్నుడే. సరే అన్నాను. ఆ సరే అన్నప్పుడు నా చేతులు రెండూ ఎవరో కోసుకుపోయినట్టు అనిపించింది. పొలం మిగిలినా ఏడాది పాటు నేను ఆ మంచె ఎక్కను. పొలం పోతే ఇంకెప్పటికీ ఎక్కను.

బుధవారం పక్క వీధిలో సుడలైమాడన్ ఇంటికి పోయాను. తలుపు తీశాడు. నన్ను చూసి, లోపల పెళ్ళాం పిలుస్తోందని చెప్పి తలుపేశాడు. ఆమె ఆ సమయంలో వీధి కుళాయి దగ్గర నా వెనకే నిలబడి ఉంది.

గురువారం విరుదునగర్ పోయాను. నా దగ్గర ఇక మిగిలింది ఒక్క పేరే, దేవిప్రియ.

దేవిప్రియ వాళ్ళ నాయనకు పవర్‌లూమ్‌లు ఉన్నాయి, వాటి మోటార్లు నేనే చుడతాను. రెండేళ్ళ కిందట విరుదునగర్‌లో పంగుని పొంగల్ జాతరప్పుడు పెట్టే ఎగ్జిబిషన్‌లో మేము చిన్న ట్రాక్ వేశాం. ఆ పిల్ల నాలుగు రోజులు తాడు అవతల నిలబడి చూసింది. ఐదో రోజు తనతో పనిచేసేవాళ్ళను కూడా వెంటబెట్టుకుని వచ్చి రిమోట్ అడిగింది. నేను ఏడాది పాటు తిప్పలు పడి నేర్చుకున్న దారిలో రెండో చుట్టుకే పోయింది. మూడో చుట్టులో ఒక మలుపు దగ్గర ఇటుకకు తగిలింది. నేను రిమోట్ లాక్కుని, అంతమంది ముందు, "చేతులా కాళ్ళా అవి" అన్నాను. ఆ పిల్ల మళ్ళీ కనపడలేదు. అసూయతో అన్నానా అంటే, ఇప్పుడైతే అవునంటాను.

ఆమె ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. లోపల కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళ రక్తం తీస్తూ కనిపించింది. మాట్లాడాలంటే ఆ కుర్చీ ఎదురుగా కూర్చోవాలి. టోకెను తీసుకుని వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక కూర్చుని చెయ్యి చాపాను.

నన్ను గుర్తుపట్టింది. "చీటీ ఏది? ఏం టెస్టు?"

"చీటీ లేదు. నీతో మాట్లాడాల."

"వెనక ఎంత మంది ఉండారో చూస్తిరా?"

"రెండు నిమిషాలు." చెప్పాల్సిందంతా గబగబా చెప్పాను. పొలం, పది మంది, కుంకుమ, కాలు, ఏడాది శిక్ష. ఆదివారం నా బండి నువ్వు నడపాలి అన్నాను.

ఆమె రబ్బరు పట్టీని వేలికి చుడుతూ విన్నది. వణకని చేతులు. ఆ రోజు కూడా అవి వణకలేదు.

"ఆ పొద్దు నన్ను ఏమంటిరో గ్యాపకం ఉండాదా?"

"ఉండాది."

"చెప్పండి."

వెనక వరసలో పదిహేను మంది ఉన్నారు. "చేతులా కాళ్ళా అవి అంటిని" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"వినపడలేదు అక్కా."

మళ్ళీ చెప్పాను, గట్టిగా. వరసలో ఎవరో నవ్వారు. "నీయి చేతులే. నాకు ఓర్వలేకపోయె. అందుకే అంటిని" అని కూడా చెప్పాను.

దేవిప్రియ పట్టీని వేలి నుంచి తీసి బల్ల మీద పెట్టింది. "మీ బండిని ఎవురి చేతికీ ఇవ్వరు కదా."

"ఇస్తా."

"నేను నడిపితే కింద నిలబడి అరుస్తారు."

"అరవను."

"చూస్తాము" అని తర్వాతి టోకెను పిలిచింది. వస్తాననలేదు, రాననలేదు.

ఆదివారం తూర్పున మబ్బు పట్టింది. మామ ఏడు గంటలకే ట్రాక్టరు తెచ్చి గట్టు పక్కన ఆపాడు, వెనక నాగళ్ళు తగిలించే ఉన్నాయి. ఎనిమిదికి మినీడోర్ వచ్చింది. అళగమ్మాళ్ దిగి మొదట నా కాళ్ళ వైపు చూసింది. చెప్పులు గట్టు మీద విడిచేశాను. ఆవిడ తన బండికి బొట్టు పెట్టుకుంది. నా బండికి కూడా పెట్టింది.

గీత మీద పది బండ్లు వరసగా నిలిపాం. మంచె మీదికి తొమ్మిది మంది ఎక్కారు. మామ కింద నిలబడి వేలు చూపిస్తూ ఒక్కొక్కరినే లెక్కపెట్టాడు.

"బండ్లు పది. మనుషులు తొమ్మిది."

"పదో మనిషి వస్తాంది మామా. పది నిమిషాలు."

ఇచ్చాడు. పది కాదు, ఇరవై నిమిషాలు ఇచ్చాడు. రోడ్డు మీద మేకల మంద ఒకటి పోయింది, పాలవాడి బండి పోయింది. నేను చూస్తూనే ఉన్నాను. మామ చెయ్యి చాపి, అరచేతిలో పడిన చినుకును నాకు చూపించాడు.

"నేను ఆగుతా. ఇది ఆగుతాదా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు భరించరానిదైంది.

ట్రాక్టరు కదిలింది. ఏడో మలుపు దగ్గర గట్టు తెగ్గొట్టుకుని లోపలికి దిగింది. నాగలి నేలలో దిగబడి నల్లటి మట్టి పెళ్ళలుగా లేచింది. పన్నెండేళ్ళు నేను నీళ్ళు చల్లి, తొక్కి, నెర్రెలు పూడ్చిన మట్టి అది. నేను పరిగెత్తుకుపోయి ముందు నిలబడ్డాను. మామ ఇంజను ఆపకుండా నన్ను చూస్తూ కూర్చున్నాడు.

"జరుగు జోతీ" అన్నాడు. "మాట మాటేదా."

మాట మాటే. ఆ మాటకి నేను ఒప్పుకున్నాను కూడా. పక్కకు తప్పుకున్నాను. తప్పుకున్నాక అక్కడే మట్టిలో కూర్చున్నాను. మంచె మీది నుంచి ఎవరూ దిగలేదు. ట్రాక్టరు ఇంకో పది అడుగులు పోయింది.

అప్పుడు సరవణకుమార్ మంచె మీది నుంచి రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. ఆటో ఒకటి వచ్చి ఆగింది. దేవిప్రియ దిగి, ఎవరినీ పలకరించకుండా తిన్నగా మంచె దగ్గరికి నడిచింది. బస్సు సాత్తూరులో నిలిచిపోయిందని ఎక్కుతూ ఎక్కుతూ చెప్పింది. నేను మట్టిలోంచి లేచి పరిగెత్తుకుపోయి, నా రిమోట్ తీసి రెండు చేతులా ఆమెకు అందించాను. ఇచ్చేటప్పుడు నా వేళ్ళు వెంటనే వదల్లేదు. ఆమె ఆగింది. అప్పుడు వదిలాను.

మామ ట్రాక్టరు మీది నుంచే మళ్ళీ లెక్కపెట్టాడు. నాగలి పైకెత్తాడు.

"పది" అన్నాడు. ట్రాక్టరు తిప్పి, పక్క మూడెకరాల్లోకి పోయాడు. ఏడో మలుపు దగ్గర ఆయన వేసిన సాలు అలాగే ఉండిపోయింది, బండ్లు దాన్ని దాటుకునే పోవాలి.

నేను పోయి మూడో మలుపు దగ్గర నిలబడ్డాను. అంతమందీ మంచె మీద ఉంటే కింద నిలబడడానికి ఎవరుంటారు, అందుకని ఐదుగురేసి రెండు జట్లుగా నడిపారు. జట్లు మారాయి, మలుపుల దగ్గర మనుషులు మారారు, నేను మాత్రం మారలేదు. చినుకులు పడి ఆగిపోయాయి. మధ్యాహ్నానికి ముప్పై, నలభై బండ్లు లేపి ఉంటాను. ప్రతిదాన్నీ వంగి రెండు చేతులా ఎత్తి నిలబెట్టాను. నడుము విరిగిపోయింది. బ్రేకు ఆలస్యంగా వేసినవాళ్ళను చూసి నాలుక దురద పెట్టింది, పళ్ళు బిగించుకున్నాను. అళగమ్మాళ్ బండిని మొదటిసారి లేపినప్పుడు తలెత్తి చూస్తే, ఆవిడ నన్ను చూడడం లేదు. బండినే చూస్తోంది.

చివరి పందెంలో చివరి చుట్టు. నా బండి ముందుంది. దేవిప్రియ దాన్ని నాకంటే మెత్తగా నడుపుతోంది, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు రోజంతా పట్టింది. వెనకాలే అళగమ్మాళ్ బండి వస్తోంది. మిట్ట మీది నుంచి నా బండి ఎగిరి, పక్కకు ఒరిగి, సరిగ్గా నా కాళ్ళ ముందు తలకిందులైంది. చక్రాలు గాలిలో తిరుగుతున్నాయి.

నా కుడికాలు దానంతట అది లేచింది. నా బండే, నా కాలే, రెండు సెకన్లు మిగులుతాయి. గాలిలో ఉన్న కాలిని చూసుకుని కింద పెట్టాను.

"ఏయ్, తిప్పు. నిద్రపోతాండావా?"

మంచె మీది నుంచి దేవిప్రియ అరుపు. అక్కా లేదు, మరియాద లేదు. పన్నెండేళ్ళుగా అదే మంచె మీది నుంచి అదే మాట నేను ఎంతమందిని అన్నానో. కింద నిలబడి వింటే అది చెంపమీద కొట్టినట్టు తగులుతుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. ఈలోగా అళగమ్మాళ్ బండి నా పక్క నుంచి దూసుకుపోయింది, మలుపు తిరిగింది, ఏడో మలుపు దగ్గర సాలు కూడా దాటింది.

వంగి నా బండిని రెండు చేతులా ఎత్తి నిలబెట్టాను. దేవిప్రియ ఇంకా ఏదో అరుస్తూనే ఉంది. నా కళ్ళు నిండాయి. నొప్పి వల్ల కొంత, అయినా అదొక్కటే కాదు. బండి మీద అంత ప్రాణం పెట్టి అరిచేవాళ్ళు వచ్చే ఆదివారం ఎవరూ పిలవకుండానే వస్తారు.